మోకాలి కొలత

టైలరు పెళ్ళాం కుళాయి దగ్గరికి చెంగుచెంగున నడుస్తుందనీ, పనిలోకి దిగాకే కాలు ఈడుస్తుందనీ ఎదురింటావిడ చూసిందట. చూసినావిడ ఊరుకుంటుందా? ఇస్త్రీవాడి చెవిన వేసింది. వాడు ఇస్త్రీ చొక్కాలతోపాటు ఆ కబురునీ మడత నలక్కుండా మేస్త్రీ ఇంటికి చేర్చాడు.

"నాటకమైతే ఇవాళే తేలుస్తా" అంటూ మేస్త్రీ ఆమెనీ, మొగుణ్ణీ వెంటబెట్టుకుని పొద్దున్నే కంపెనీ డాక్టరమ్మ గదికి వచ్చాడు. నొప్పి ఉత్తదేనని డాక్టరమ్మ అంటే ఆమె రేపణ్ణించి పనిలోకి రానక్కర్లేదు.

కొత్త భవనాల్లో నేల నునుపు చేసే కంపెనీ అది. నడిమి నేలంతా మిషను తిప్పే మగవాళ్ళది. మిషను దూరని మూలలూ గోడవారలూ టైలరు పెళ్ళాంతో కలిపి ఇరవై ఇద్దరు ఆడవాళ్ళవి. పొద్దస్తమానం మోకాళ్ళమీద ఉండి రాయితో రుద్దాలి. కూలి మాత్రం మిషనువాళ్ళకి వచ్చేదాంట్లో సగం. మోకాళ్ళకి కట్టుకునే తోలు దిండ్లు టైలరే కుట్టాడు. మోకాలి చిప్ప కూర్చోవడానికి మధ్యలో గుంట, చుట్టూ గట్టి అంచు. కుట్టుకి వంక పెట్టడానికి లేదు.

మూణ్ణెల్లుగా ఆమె మొగుడితో చెబుతూనే ఉంది.

"అంచు గుచ్చుతోందయ్యా."

"కొత్త తోలు కదా, అలవాటవుతుందిలే."

మొన్న టీకొట్టు దగ్గర మేస్త్రీ కదిపితే, నలుగుర్నీ నవ్వించాలని, "మా ఆవిడ మోకాలికి పనంటే పడదండీ" అన్నాడు కూడా. అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ అతనే నవ్వాడు.

డాక్టరమ్మ మోకాలు నొక్కి చూసింది. చిప్పకి బయటివైపు నల్లగా కమిలిపోయింది. చుట్టూ నీరు చేరింది.

"పొద్దున్నే నాలుగడుగులు నడిస్తే ఏమీ తెలీదు. మోకాళ్ళమీద కూలబడితే ప్రాణం పోయినట్టుంటుంది. అంతేనామ్మా?"

ఆమె తలూపింది. మేస్త్రీ గోడకున్న క్యాలెండరు చూడసాగాడు.

డాక్టరమ్మ ఆమె వెంట తెచ్చుకున్న తోలు దిండు కట్టించింది. గుంట ఓచోట, చిప్ప ఓచోట. అంచు సరిగ్గా ఆ నల్లమచ్చమీదే కూర్చుంది. ఆమె పంటి బిగువున నొప్పి ఓర్చుకుంది. డాక్టరమ్మ దిండు విప్పి టైలరు చేతిలో పెట్టింది.

"ఇప్పుడు నువ్వు కట్టుకో."

అతను ప్యాంటు పైకి మడిచి కట్టుకున్నాడు. అచ్చుపోసినట్టు అమరింది.

"కొలత ఎవరిది?"

"నాదేనండీ" అన్నాడు టైలరు.

"మనిషి మనిషికీ తేడాలుంటాయనుకో. కానీ మామూలుగా ఆడవాళ్ళకి తుంటి వెడల్పు. తొడ ఎముక మీ మగవాళ్ళకంటే వాలుగా మోకాలికి దిగుతుంది. చిప్ప చిన్నది, అది బయటికి ఒరిగే గుణం కాస్త ఎక్కువ. నీ ఒక్కడి కాలు కొలిచి ఇంతమందికి కుట్టేస్తే ఎలాగయ్యా?"

"మరి మిగతావాళ్ళెవరూ నోరెత్తలేదేంటండీ?" అన్నాడు మేస్త్రీ.

"ఎత్తినావిణ్ణి ఎక్కడికి తీసుకొచ్చారో వాళ్ళు చూశారు కదా."

మేస్త్రీ ముఖం మాడింది. వెంటనే టైలరు వైపు తిరిగాడు.

"మనుషుల్ని చూసి కొలతలు తియ్యమని నేను చెప్పలేదటోయ్? చెప్పానా, లేదా?"

టైలరు దిండు విప్పబోయాడు. తను కుట్టిన పట్టీయే వేళ్ళకి చిక్కలేదు. చెవులు కాలిపోతున్నాయి. పెళ్ళాం మోకాలి మీంచి చూపు తిప్పుకుని నేలమీద పెట్టాడు. ఆ గది నేల కూడా ఆ ఆడవాళ్ళు రుద్దిందే. మూలమూలా అద్దంలా ఉంది.

"చెప్పారండీ. కానీ పరాయి ఆడవాళ్ళ మోకాళ్ళు టేపు పెట్టి కొలిస్తే ఏం మర్యాదండీ? నలుగురూ ఏమనుకుంటారు? అందుకని..."

ఆమె మోకాలు కప్పుకోలేదు. మొగుడి ముఖంలోకి చూస్తూ అంది:

"నేను పరాయిదాన్నా?"