గాలికున్న చోటు గడ్డికి లేదా?

"ఓడలో చోటు లేదమ్మా" అన్నాడు షిప్పింగ్ ఆఫీసు గుమాస్తా, తల ఎత్తకుండానే.

అతని వెనక కిటికీలోంచి రేవు కనిపిస్తోంది. క్రేను కంటైనర్లను ఎత్తి ఓడలో పేరుస్తోంది. అన్నీ ఖాళీవే. ఆవలి ఒడ్డున సరుకు నింపుకొస్తే కిరాయి ఎక్కువ, అందుకే ఖాళీ పెట్టెల్ని తొందరగా అక్కడికి చేర్చాలి. ఇక్కడి సరుకు కోసం ఆగడం దండగని కంపెనీ లెక్క.

గడ్డి వ్యాపారం చేసే ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. బిగించి కట్టిన ఎండుగడ్డి మోపులతో ఆమె బావ లారీలు రెండూ గేటు బయట నిలబడి ఉన్నాయి. పోయిన ఓడ ఆమె సరుకును వదిలేసి వెళ్లింది. ఇదీ తప్పితే ఆమె గడ్డి కొనే అవతలి ఒడ్డు డెయిరీవాళ్లు వేరే దేశపు గడ్డి కొంటారు. ఆ మాట మొహం మీదే చెప్పేశారు.

"గాలిని మోసుకెళ్లడానికి చోటుంది, నా గడ్డికి లేదా?"

"పైనుంచి ఆర్డరమ్మా."

"పైనుంచి అంటే, దేవుడా?" అన్నాడు వెనక నిలబడ్డ బావ.

"నువ్వుండు బావా. దేవుడైతే దణ్ణానికైనా దిగొస్తాడు." ఆమె గుమాస్తా వైపు తిరిగింది. "కొత్త చట్టం వచ్చిందిగా? సరైన కారణం లేకుండా ఓడ కంపెనీలు ఎగుమతి సరుకుని కాదనకూడదు. ఆ కారణమేదో రాసివ్వు."

గుమాస్తా తల ఎత్తాడు. తలుపు వైపోసారి చూసి గొంతు తగ్గించాడు.

"ఈ మాట ఎవరైనా అడుగుతారేమోనని చూస్తున్నానక్కా. లేదు లేదని చెప్పి చెప్పి నాకే సిగ్గేస్తోంది. పేచీ పెట్టుకుంటే ఆ తర్వాతి ఓడకీ ఎక్కించరని అందరికీ భయం."

"కక్ష కట్టినా తప్పేనని అదే చట్టంలో ఉంది. ఫోన్ కొట్టు. నేను గయ్యాళినని చెప్పుకో, ఏమీ అనుకోను."

"చెప్పక్కర్లేదు, అక్కడికి వినపడుతూనే ఉంటుంది" అన్నాడు బావ.

గుమాస్తా పైఅధికారికి ఫోన్ చేసి, లేచి నిలబడే మాట్లాడాడు. "సార్, గడ్డి ఎగుమతి చేసే ఆవిడ కారణం రాసివ్వమంటున్నారు. ఖాళీ పెట్టెలు ఎక్కడం కళ్లారా చూస్తున్నారు. చోటు లేదని నేనైతే సంతకం పెట్టలేనండి. మీరు పెడతారా?"

అవతల ఏదో గొణుగుడు. గుమాస్తా ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒక లారీ సరుకు ఇప్పుడు, రెండోది తర్వాతి ఓడకి అంటున్నారక్కా."

"రెండూ ఇప్పుడే. కాదంటే ఆ రెండోదానికి కారణం రాయమను."

ఆ మాటే అటు చెప్పాడు. జవాబు వెంటనే వచ్చింది. గుమాస్తా నవ్వు దాచుకోకుండా బుకింగ్ కాగితం తీశాడు.

"తర్వాతి ఓడకి నాలుగు లారీలు తెస్తాను, ఇప్పుడే రాసుకో" అంది ఆమె.

బావ గతుక్కుమన్నాడు. "నాలుగా? నాకున్నవి రెండే కదే మరదలా!"

"మీ తమ్ముడి లారీలు రెండు ఊరికే నిలబడే ఉన్నాయిగా. ముందు ఈ రెండింటినీ లోపలికి తోలించు, ఆవులు ఆకలి మీదున్నాయి" అంటూ ఆమె మెట్లు దిగింది.