కాస్త ఊపిరి తీసుకోనివ్వు

నేను ఒక ఇంజన్ని. ప్రస్తుతం విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డు ముందు, అరిగిన లారీ టైరు మీద కూర్చుని ఉన్నాను. కూర్చున్నానంటే కుదురుగా ఉన్నానని కాదు. పక్కన ఎవరు బండి స్టార్టు చేసినా లోపల ఏదో ఉలిక్కిపడుతుంది. నన్ను వదిలేసి వెళ్ళిపోతున్నారేమో అనిపిస్తుంది.

ఎక్కడో దూరాన ఒక కర్మాగారంలో పుట్టాను. నాతోపాటు పోతపోసినవన్నీ వరసగా నా కళ్ళముందే వెళ్ళిపోయాయి. ఏది ఏ ఊరు చేరిందో నాకు తెలియదు. నన్ను ఏడు సీట్ల పెద్ద కారులో బిగించారు. అవనిగడ్డలో ఐసు ఫ్యాక్టరీ నడిపే సుబ్బారాయుడుగారు ఆ కారు కొన్నారు. ఇంటికి వచ్చిన రోజే ఆయన తల్లి నాంచారమ్మగారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బానెట్ మీద చామంతి దండ వేసి, అరచెయ్యి ఆనించి, "ఎంతమందిని తీసుకెళ్తే అంతమందినీ తీసుకురా తల్లీ" అన్నారు. మనుషులు పక్కనున్న మనిషిని నమ్మరు గానీ ఇనుముని మాత్రం ఎంత నమ్ముతారో! ఆ మాట నా మీద పడ్డప్పటినుంచి ఏ ప్రయాణంలోనూ నాకు నిశ్చింత లేదు.

సుబ్బారాయుడుగారికి ఒక అలవాటుండేది. ఎంత దూరం వెళ్ళొచ్చినా నన్ను ఠక్కున ఆపేవారు కాదు. నాకు గాలి అందించే టర్బో అప్పటికి కణకణలాడుతూ ఉంటుంది. అలాంటప్పుడు ఒక్కసారిగా ఆపితే దెబ్బతింటుంది. అందుకని స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేసుకుంటూ, "కాస్త ఊపిరి తీసుకోనివ్వండి దాన్ని" అని కూర్చునేవారు. కొడుకు ఫల్గుణ మాత్రం బండి ఆగకముందే తలుపు తీసేవాడు.

చెరకు నరికే రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆయనకి గుండెనొప్పి వచ్చింది. విజయవాడ ఆసుపత్రికి ఫల్గుణే నడిపాడు. వెనకసీట్లో నాంచారమ్మగారి ఒళ్ళో తల పెట్టుకుని ఆయన పడుకున్నారు. ఉయ్యూరు దగ్గరకొచ్చేసరికి చెరకు ట్రాక్టర్లు రోడ్డుకి రెండు పక్కలా బారులు తీరి ఉన్నాయి. ముందెక్కడో ఒకటి అడ్డంగా బోల్తాపడింది. నేను వణుకుతూ నిలబడిపోయాను. ఫల్గుణ దిగి పరిగెత్తాడు. ట్రాక్టర్లవాళ్ళ మీద అరిచాడు, చేతులు జోడించాడు. దారి దొరికి ఆసుపత్రి చేరేసరికి ఆయన వెళ్ళిపోయారు. ముగ్గురిని తీసుకెళ్ళి ఇద్దరిని తెచ్చాను.

ఏడాది తిరగకముందే ఫల్గుణ నన్ను ఆటోనగర్‌కి, మస్తాన్‌వలి షెడ్డుకి తోలుకొచ్చాడు.

"దీనికి దమ్ము లేదు భాయ్. ఇప్పుడున్నదానికి మూడింతల పవర్ కావాలి."

మస్తాన్ నవ్వాడు. "సంసారిని తీసుకొచ్చి సర్కస్‌లో చేర్చుకోమంటున్నావే! అంత పెంచితే ఇంజన్ బతకదు బాబూ."

"బతక్కపోయినా సరే. అందుకోవాలి."

"ఎవర్ని?"

ఫల్గుణ తాళాలు మస్తాన్ చేతిలో పెట్టాడు. మస్తాన్ కూడా మనిషే కదా, వద్దు వద్దంటూనే పనిలో పడి భోజనానికి ఇంటికెళ్ళడం కూడా మర్చిపోయాడు. నా పిస్టన్లు ఊడదీసి గోనెసంచిలో వేశాడు. పుట్టినప్పటినుంచి నాలోనే ఊగినవి అవి. సంచిలోంచి ఒకసారి ఖంగుమన్నాయి, అంతే. వాటి చోట ఏవో కొత్తవి వచ్చాయి. చిన్న టర్బో పోయి బిందెంత టర్బో వచ్చింది. దానికి గాలి సరిపోవాలని బానెట్‌కి కన్నం కోశారు.

ఇక నాకు నిలకడ పోయింది. గేర్లో లేకపోయినా ఊగిపోతాను. రెక్కలు విప్పినట్టు పరిగెత్తగలను గానీ మెల్లగా నాలుగడుగులు వెయ్యలేను. నాంచారమ్మగారిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంటే బజారంతా నల్లటి పొగ కక్కాను. "ఒరే ఫల్గుణా, బండిలో పొయ్యి రాజేశావా ఏంటిరా?" అని అరటిపళ్ళ ఆవిడ కేకేసింది. ఇంటికొచ్చాక ముసలావిడ బానెట్ మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేసుకున్నారు. "ఇది మన బండేనా?" అన్నారు.

ఇంకా తెరవని బైపాస్ రోడ్డు మీద ఫల్గుణ, అతని స్నేహితులు కార్ల పందెం పెట్టుకున్నారు. ఆ ఉదయం మస్తాన్ ఇంటికే వచ్చి, గాలికి అడ్డమని, దుమ్మూధూళీ లోపలికి రాకుండా ఆపే నా ఫిల్టర్ తీసేశాడు. టర్బో నోరు కన్నం కింద బార్లా తెరుచుకుంది. "బాబూ, ఫుల్లు తొక్కితే ఎక్కడ పగులుతుందో చెప్పలేను. ఆ స్పీడులో పగిలితే స్టీరింగ్ నీ మాట వినదు" అన్నాడు. "చూద్దాంలే" అన్నాడు ఫల్గుణ. పగిలేదాన్ని నేను. ఆ పిల్లవాణ్ణి తిరిగి తెస్తానా?

ఇంతలో నాంచారమ్మగారు దండతో వచ్చారు. పందెం సంగతి ఆవిడకి తెలియదు. ఎప్పటిలాగే చామంతి దండ బానెట్ మీద పరిచి లోపలికి వెళ్ళారు.

"దండ తీసెయ్ బాబూ. కింద ఫిల్టర్ లేదు" అన్నాడు మస్తాన్.

"పూజదండ నేనెట్టా తీస్తాను? నువ్వు తియ్యి భాయ్."

"అమ్మో! పెద్దమ్మగారు కిటికీలోంచి చూస్తున్నారు."

బానెట్‌ని రంపంతో కోసినవాళ్ళకి ఒక పూలదండ తియ్యడానికి చేతులు రాలేదు. మస్తాన్ ఒక్క వేలితో దాన్ని కాస్త పక్కకి జరిపాడు. ఫల్గుణ ఎక్కి, గేటు దగ్గరున్న స్నేహితులు వినేలా యాక్సిలరేటర్ అడుగంటా తొక్కాడు. నేను ఊగిపోయాను. దండ జారింది. నేను లాక్కున్న గాలితోపాటు పూలు, పూల వెనక దారం లోపలికొచ్చాయి. దారం టర్బో రెక్కలకి చుట్టుకుంది. రెక్కలు విరిగి ముక్కలు నా గుండెల్లోకి దిగాయి. పెద్ద చప్పుడు. తెల్లటి పొగ. వాకిలంతా పసుపు రేకులు. కారు గేటు కూడా దాటలేదు.

ఫల్గుణ స్టీరింగ్‌ని గుద్దాడు. మెట్ల దాకా పరిగెత్తుకొచ్చిన నాయనమ్మని చూసి గట్టిగా ఏడ్చేశాడు.

"ఇది ముందే ఇట్టా ఉండుంటే నాన్న బతికేవాడే నాయనమ్మా!"

ఆవిడ మెల్లగా వచ్చి పక్కసీట్లో కూర్చున్నారు.

"ఆవేళ బండి ఆగిపోయుందిరా. ఆగిన బండికి ఎన్ని గుర్రాలు కడితే ఏం లాభం?"

వాడు తలెత్తాడు.

"నువ్వు దిగి అరుస్తున్నావు. మీ నాన్న కళ్ళు తెరిచాడు. 'వాణ్ణొచ్చి నా దగ్గర కూర్చోమనమ్మా. పాపం పరిగెడుతున్నాడు. వాణ్ణి కాస్త ఊపిరి తీసుకోనివ్వు' అన్నాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వెప్పుడు ఆగావురా, చెప్పడానికి?"

ఆ మాటలు ఆ మధ్యాహ్నం నేనూ విన్నాను. ఇంతకాలం ఎంత మొరాయించినా, ఎంత పొగ కక్కినా వాడికి వినిపించలేకపోయాను.

నన్ను దించేశారు. నా చోట నాలాంటిదే, ఏ మార్పూ లేని ఇంజన్ని పెట్టారు. కోసిన బానెట్ మార్చారు. నాకు అసూయ లేదనలేను. నిన్న ఫల్గుణ ఆ కారులోనే షెడ్డుకి వచ్చాడు. ముందుసీట్లో నాంచారమ్మగారున్నారు. బానెట్ మీద దండ ఉంది. మస్తాన్ ఎదురొచ్చి, "దిగండి, టీ తాగుదాం" అన్నాడు.

ఫల్గుణ తలుపు తియ్యలేదు. ఇంజన్ని ఆపలేదు కూడా. స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేస్తూ కూర్చున్నాడు. "వస్తా భాయ్, ఒక్క నిమిషం" అన్నాడు. ఆ కొత్తది మెల్లగా, సమంగా ఊపిరి తీసుకుంటోంది. టైరు మీద కూర్చుని, అది ఆగేదాకా విన్నాను.