బడి మెట్ల మీద టీ

నేను ఒక ఫ్లాస్కుని. బయట ఎర్ర ప్లాస్టిక్కు, లోపల గాజు. పుట్టిన ఫ్యాక్టరీలో నాకు నేర్పిన విద్య ఒక్కటే, వేడిని లోపల దాచుకోవడం. మనుషులకూ ఆ విద్య బాగా వచ్చని చీరాల చేరాక తెలిసింది.

మొదట నన్ను కొన్నది ఒక బట్టల కొట్టాయన. బేరం కుదిరేలా ఉన్నవాళ్లకే నాలోని టీ. కొట్టు ఎత్తేసినప్పుడు నన్ను చెల్లెలు జ్ఞానసుందరికి ఇచ్చేశాడు. ఆవిడ ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడిలో టీచరు.

సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక సుందరి, తోటి టీచరు నీలవేణి బడి మెట్ల మీద నన్ను మధ్యన పెట్టుకుని కూర్చునేవారు. సుందరి పెట్టిన నియమం ఒక్కటే: ఆ రోజు ఏం బెడిసికొట్టిందో చెప్పుకోవచ్చు, విన్నవాళ్లు మాత్రం సలహా ఇవ్వకూడదు. మనిషికి ఇంతకంటే కష్టమైన పని లేదు. సలహా నాలుక చివరి దాకా వచ్చినప్పుడల్లా నీలవేణి నోట్లో ఒక బిస్కెట్టు వేసుకునేది. ఆ ఏడాది బాగా ఒళ్లు చేసింది.

వాళ్ల దగ్గర రమీజా అనే పిల్ల ఉండేది. తన చేత్తో తాను అన్నం తినడం నేర్పడానికి నీలవేణికి ఏడాది పట్టింది. వేసవి సెలవులు అయ్యేసరికి ఆ పిల్ల అంతా మరిచిపోయి వచ్చింది. ఆ సాయంత్రం నీలవేణి, ఇక మానేస్తానని చెప్పింది. సుందరి కప్పు నింపి ఇచ్చింది. మర్నాడు పొద్దున నీలవేణి గేటు దగ్గర కనిపించేదాకా, నాలోని టీ కంటే సుందరే దిగులుతో ఎక్కువ ఉడికిపోయింది.

కొన్నాళ్లకు రమీజా వాళ్లమ్మ మస్తాన్‌బీ వచ్చి, ఇన్నేళ్లుగా పంపితే ఏం నేర్పారని అందరి ముందూ నిలదీసింది. సుందరి ఓపిగ్గా నచ్చజెప్పి పంపింది. సాయంత్రం మాత్రం కప్పు ముట్టుకోలేదు.

"అందరూ నన్ను గట్టిదాన్ననుకుంటన్నారు నీలా. రేపు ఈ మెట్లు ఎక్కబుద్ధి కావట్లా" అంది.

నీలవేణి బిస్కెట్టు తీసింది. చాలాసేపు చేతిలోనే పట్టుకుని, మళ్లీ పొట్లంలో పెట్టేసింది.

"నియమం తప్పుతున్నా అక్కా. వారం రోజులు బడికి రాబాక. పిల్లల్ని నేను చూసుకుంటా."

ఆ వారం పిల్లల చేతుల్లో బడి గోడలన్నీ రంగులమయం. వాళ్లలో ఎవరో నన్ను గిలక్కాయనుకుని ఊపితే లోపలి గాజు పగిలింది. నీలవేణి అలసిపోయింది గానీ చేతులెత్తేయలేదు. సుందరి ఇంట్లో పగలంతా నిద్రపోయి, మొక్కలకు నీళ్లు పోసి, చివరికి ఏమీ తోచక ఒక రోజు ముందే వచ్చేసింది. గోడలు చూసి, కళ్ల వెంట నీళ్లు వచ్చేలా నవ్వింది.

ఇప్పుడు నేను వెనక షెడ్డులో, విరిగిన కుర్చీల పక్కన ఉన్నాను. మెట్ల మీదకు స్టీలు ఫ్లాస్కు వచ్చింది. ఇక్కడికి మనుషులు కనబడరు, మాటలు మాత్రం వినిపిస్తాయి.

నిన్న మస్తాన్‌బీ కూతురి కోసం ఆలస్యంగా వచ్చింది. సుందరి ఆమెను కూర్చోమనడం, కప్పులో టీ పోయడం వినబడ్డాయి. రమీజా రాత్రుళ్లు నిద్రపోనివ్వదని, చుట్టాలు పిలవడం మానేశారని, ఆమె ఆగకుండా చెప్పుకుపోయింది. నీలవేణి బిస్కెట్ల పొట్లం చప్పుడే గానీ, టీచర్లిద్దరి నుంచీ ఒక్క సలహా రాలేదు. చీకటి పడుతుండగా కప్పు కింద పెట్టిన చప్పుడయింది.

"రేపు కూడా ఈ మెట్ల మీద ఉంటారా టీచర్?" అని మస్తాన్‌బీ అడిగింది.