జాబితాలో లేని పిడికిలి

ముసలితనం మీద పరిశోధన చేసే ఆఫీసులో నాది ఇల్లిల్లూ తిరిగే ఉద్యోగం. అరవై దాటినవాళ్ళని ఏడాదికోసారి కలిసి, పిడికిలి బలం, నడక వేగం, జ్ఞాపకశక్తి కొలిచి కాగితం మీద ఎక్కించాలి. ఇంటికి ఒక్కరినే. ఎవరన్నది ముందే చీటీ తీసి తేలుస్తారు. ఆ మనిషి పోతే తేదీ వేసి ఫైలు మూసేస్తాం, మళ్ళీ ఆ గుమ్మం తొక్కం. ఈ సంగతి మొదటిరోజే అందరి ముఖానా చెప్పేయడం నా అలవాటు. ముక్కుసూటి మనిషినని నాకు గర్వంగా ఉండేది. నోటిదురుసుకి నేను పెట్టుకున్న ముద్దుపేరు అది.

టైలరు బాబాయిగారింట్లో చీటీ ఆయనకి పడింది. పిన్నిగారు తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి, "మరి నన్నడగవా అమ్మాయీ?" అంది.

"మీరు జాబితాలో లేరు పిన్నిగారూ."

"ఇంటి చాకిరీ జాబితాలో మాత్రం నేనొక్కదాన్నే ఉన్నాను" అని నవ్వి లోపలికి పోయింది.

తొమ్మిదేళ్ళు అదే తంతు. బాబాయిగారు మోచెయ్యి ఒంటికి ఆనించి పట్టు కొలిచే మీటరు నొక్కితే ముల్లు ముప్పై కిలోలు దాటేది. కత్తెర పట్టిన చెయ్యి మరి. జ్ఞాపకం దగ్గరికి వచ్చేసరికి మాత్రం నీళ్ళు నమిలేవారు. నేను పది మాటలు చదివి, ఐదు నిమిషాలాగి అడిగితే ఆరుకి మించి ఏనాడూ చెప్పలేదు. మిగతా నాలుగూ గుమ్మం పక్కన నిలబడ్డ పిన్నిగారి పెదవుల మీద కదులుతుండేవి. "అందించకూడదండీ" అని కసిరేదాన్ని.

అప్పుడొచ్చింది ఆ మాయదారి జబ్బు. ఆఫీసుకి తాళం పడింది. నెలకోసారి, మొదటి మంగళవారం, ఇంటినుంచే అందరికీ ఫోన్లు చెయ్యమన్నారు. మొదటి నెలలోనే పద్నాలుగు ఫైళ్ళు మూశాను. తేదీలు వేసీ వేసీ చెయ్యి మొద్దుబారింది. వేసిన ప్రతి తేదీ వెనకా నాకు ముఖం తెలిసిన మనిషి ఉన్నాడు.

ఆ నెల బాబాయిగారే మాట్లాడారు. రెండో నెల పిన్నిగారు ఎత్తింది.

"ఆయనకి ఫోన్లో సరిగ్గా వినబడ్డం లేదమ్మా. నేనడిగి చెప్తాలే, రాసుకో."

వెనక కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది. 'పని మానలేదు' అని రాసుకున్నాను. గత వారంలో ఎన్ని రోజులు ఒంటరిగా అనిపించిందో అడిగితే, "ఆయనకేం, నేను లేనూ? సున్నా వెయ్యి" అంది. జ్ఞాపకం పరీక్ష ఇంకొకరి నోటితో పెట్టకూడదన్నది మా నియమం. కానీ ఆ గడి ఖాళీగా ఉంటే మా ఆఫీసు సారు చెవులు చిల్లులు పడేలా అరుస్తారు. పెట్టేశాను. పదికి పది వచ్చాయి.

ఐదు నెలలు వరసగా పదికి పది. సారు ఎగిరి గంతేశారు. ఇంట్లో కూర్చోబెడితే ముసలివాళ్ళ బుర్రలు మొద్దుబారతాయని లోకమంతా అంటుంటే, ఇదిగో ఎదురు సాక్ష్యం! కట్టడి సడలగానే, "ముందు ఆ టైలర్ని కొలిచి రా" అన్నారు.

ముసుగు కట్టుకుని, మీటరు పట్టుకుని వెళ్ళాను. పిన్నిగారు తలుపు తీసింది. మనిషి సగమైపోయింది. మిషనులో దారం లేదు, గుడ్డా లేదు. తొక్కే పలక మాత్రం అరిగి మెరుస్తోంది.

"బాబాయిగారేరీ?"

ఆవిడ వెళ్ళి ఆయన కుర్చీలో కూర్చుంది. మోచెయ్యి ఒంటికి ఆనించి కుడిచెయ్యి ముందుకి చాపింది.

"ఇయ్యి" అంది.

మీటరు ఆ చేతిలో పెట్టాను. ఆవిడ పళ్ళు బిగించి నొక్కింది. ముల్లు పదకొండు దగ్గర ఆగింది.

"నువ్వు రెండోసారి ఫోను చెయ్యకముందే పోయారమ్మా. ఆస్పత్రి బండి వచ్చి తీసుకుపోయింది. నాలుగోరోజున, పోయారని ఫోన్లో చెప్పారు. ముఖం కూడా చూపించలేదు."

"మరి నాకెందుకు చెప్పలేదండీ?"

"చెప్తే నువ్వు చెయ్యవుగా! పోతే ఫైలు మూసేస్తామని నువ్వే అన్నావు. నెల మొత్తంలో మోగేది నీ ఫోనొక్కటే. నువ్వు చేసేవేళకి మిషను ముందు కూర్చుని తొక్కుతూ మాట్లాడేదాన్ని."

"మరి ఆ పది మాటలు?"

"నావే." కళ్ళు మూసుకుని, కిందటి నెల నేను చదివినవి ఒక్కటి పొల్లుపోకుండా చెప్పింది. "తాళం, గొడుగు, మేక, వంతెన..." తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో కొలవాల్సిన బుర్ర గుమ్మం పక్కన నిలబడి ఉంటే నేను కసురుతూ వచ్చాను. సిగ్గుతో చచ్చిపోయాను.

సంచిలోంచి ఖాళీ కాగితం తీశాను. మొదటి ప్రశ్ననుంచి ఆవిణ్ణే అడిగాను. ఒంటరితనం ప్రశ్న దగ్గర ఆవిడ కిటికీ వైపు తిరిగింది.

"ఏడు" అంది. "వారానికి అన్నే కదా ఉంటాయి."

సారు ఆ కాగితం చింపెయ్యమన్నారు. బాబాయిగారి ఫైలులో తేదీ వేయించి ఐదు నెలల అంకెలూ కొట్టేయించారు. "పోనీ ఈవిణ్ణి చేర్చుకుందాం సార్" అంటే, "జాబితాలో లేని మనిషి మనకి లేనట్టే" అన్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నేను కాగితం చింపలేదు, సొరుగులో దాచాను.

నేనే చేస్తానని పిన్నిగారికి మాటిచ్చాను. రెండు నెలలు చేశాను కూడా. ప్రశ్నలేమీ లేకపోయినా, "ఆ పది మాటలు చదువమ్మా" అని అడిగి మరీ చెప్పించుకునేది. మూడో నెల కొత్త జాబితా వచ్చిపడింది, పోయినవాళ్ళ బదులు మూడొందలమంది. మంగళవారం దాటిపోయింది. ఇంకోటీ దాటింది. రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అనుకున్నాను.

చేసేసరికి పక్కింటావిడ ఎత్తింది.

"ఆవిడ పోయి తొమ్మిది రోజులైందండీ. జబ్బేం లేదు. మిషను దగ్గర కూర్చున్నట్టే ఉంది, ఫోను ఒళ్ళో ఉంది. మీరెవరు, చుట్టాలా?"

కాదన్నాను. ఆఫీసువాళ్ళమన్నాను.

తొమ్మిది రోజులు వెనక్కి లెక్కపెట్టాను. మొదటి మంగళవారం. సొరుగులోంచి కాగితం తీశాను. పట్టు పదకొండు, మాటలు పది, రోజులు ఏడు. తేదీ వెయ్యడానికి పెన్ను పట్టుకుని గడి కోసం వెతికాను. ఆ గడి ఫైలు అట్టమీద ఉంటుంది. ఆవిడకి ఫైలు లేదు.