రెండు బొమ్మల మధ్య

గోడలో సగం ఆక్రమించిన టీవీని చూసి అత్త ముక్కున వేలేసుకుంది. "ఒంటి మనిషివి, నీకెందుకే ఇంతది?"

పిచ్చుక అత్తకు ఎదురుగా తిరిగి, తొందరపడకుండా చెప్పింది. "నాన్న మొహం పెద్దగా కనబడాలి అత్తా. నువ్వు చూడాలి."

పిచ్చుక అనేది నాన్న పెట్టిన ముద్దుపేరు. మందుల దుకాణంలో పనిచేసే ముప్పై అయిదేళ్ల మనిషికి ఇంట్లో ఇప్పటికీ అదే పేరు. నాన్న పోయి నెలన్నర అయింది. ఆసుపత్రి ఇచ్చిన సంచిలో ఆయన పాత ఫోను, అందులో పద్దెనిమిది సెకన్ల వీడియో దొరికాయి. మంచం మీద దిండుకు ఆనుకుని ఆయన ఏదో చెబుతున్నాడు. ఫోను మైకు ఎప్పుడో పాడైంది, మాట వినబడదు. వీడియో తీసిన ఆయాను అడిగితే, "మీకు చూపించమన్నారమ్మా. ఏమన్నారో మాత్రం గుర్తులేదు. రోజుకు ఎంతమంది మాటలని గుర్తుపెట్టుకోను?" అంది.

మేనత్తకు ఆరో ఏట జ్వరమొచ్చి వినికిడి పోయింది. అప్పటినుంచి ఆమె లోకాన్ని పెదవుల మీదే చదువుకుంది, అందరికన్నా ముందు అన్న పెదవుల మీద. కానీ ఆ చిన్న ఫోనులో ఆయన నోరు పెసరగింజంత. అందుకే ఈ టీవీ.

బిగించడానికి వచ్చిన మెకానిక్ వీడియోను టీవీకెక్కించాడు. మొహం పెద్దదయింది కానీ తడిసిన కాగితం మీద సిరాలా అలుక్కుపోయింది.

"టీవీ కొత్తదేగా! ఇంత మసకేంటి?" అంది పిచ్చుక.

"టీవీ తప్పు కాదు మేడమ్. ఈ తెరమీద అడ్డంగా నాలుగువేల చుక్కల దాకా ఉంటాయి. మీ వీడియోలో ఉన్నవి మూడొందల ఇరవై. ఒక్క చుక్కను పన్నెండు చుక్కల మేర సాగదీస్తే ఇంతే."

అత్త ముందుకు జరిగి కూర్చుంది. రెండోసారి వేయించుకుంది. మూడోసారికి ఆమె పెదవులూ కదిలాయి.

"పిచ్చుకా... నీ మీద నాకు... కోపం లేదు."

పిచ్చుక అలాగే నేలమీద కూలబడి, చున్నీ నోట్లో కుక్కుకుని ఏడ్చింది. రెండేళ్ల ఏడుపు అది. మెకానిక్ ఏం చేయాలో తోచక స్క్రూలు ఏరుకుంటూ ఉండిపోయాడు.

అత్త మాత్రం తెరమీంచి చూపు తిప్పలేదు. "బాబూ, మా అన్న మాట గులకరాళ్ల మీద బండిలా నడుస్తుంది. ఇదేంటి, నూనె రాసినట్టు జారుతోంది?"

అతను ఆమె వైపు తిరిగి, ఆమెకు అందేలా నిదానంగా చెప్పాడు. "ఫోను తీసింది సెకనుకు పన్నెండు బొమ్మలే అమ్మగారూ. టీవీ అరవై చూపిస్తుంది. రెండు బొమ్మల మధ్య నాలుగు బొమ్మలు అదే గీసి కలుపుతుంది, కదలిక సాఫీగా ఉండాలని."

"అంటే మధ్యలో ఉన్నవి మా అన్న పెదవులు కావా?"

"కావమ్మా. అది టీవీ ఊహ."

"తీసెయ్."

"అత్తా, వద్దు," అంది పిచ్చుక. అత్త తెరవైపే చూస్తోంది, ఆ మాట ఆమెకు అందలేదు. మెకానిక్ రిమోట్ నొక్కాడు.

ఈసారి నాన్న అతుకులు అతుకులుగా కదిలాడు. అత్త ఆపించింది, వెనక్కి తిప్పించింది, ఒక్కో బొమ్మ చూసింది. చివరికి పిచ్చుకను దగ్గరకు పిలిచింది.

"కోపం దాకా ఉంది, చూడు, పెదవులు మూశాడు. దీని తరవాతి బొమ్మలో నాలుక పైకి లేచింది, 'లేదు' అంటున్నాడు. ఈ రెంటి మధ్య పెదవులు ఒక్కసారి గుండ్రంగా తిరిగి ఉంటే అది 'కోపం పోలేదు' అవుతుంది. తిరిగాయో లేదో ఇందులో లేదే తల్లీ."

"నీకు అనిపించింది చెప్పు. ఆయన చెల్లెలివి, నీకు తెలియదా?"

"తెలియదు. తెలిసినట్టు చెప్పి నిన్ను మోసం చెయ్యలేను."

"ఇంకా మంచి టీవీ ఏదైనా..." పిచ్చుక మెకానిక్ వైపు చూసింది.

"తీయని బొమ్మను ఏ టీవీ తెచ్చివ్వలేదు మేడమ్," అన్నాడతను, తనే నేరం చేసినట్టు. వెళ్లేముందు గుమ్మంలో ఆగి, "ఆ సెట్టింగు మళ్లీ ఆన్ చేసి వెళ్లనా?" అని అడిగాడు.

పిచ్చుక తెరవైపు చూసి తల అడ్డంగా ఊపింది.

అతను వెళ్లాక అత్త ఆమె గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పుకుంది. "అసలు మీ ఇద్దరికీ ఎక్కడ చెడింది? వాడు నాకు చెప్పలేదు, నువ్వూ చెప్పలేదు."

ఆ సంగతి మీద పిచ్చుక ఇంతవరకూ ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. ఇప్పుడు అత్త చదువుకోవడానికి వీలుగా ఒక్కో అక్షరం పలకాల్సి వచ్చింది.

"అమ్మకు ఒంట్లో బాగాలేనప్పుడు పెద్దాసుపత్రికి తీసుకెళ్లమని పోరాను. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అన్నాడు. రెండేళ్ల కిందట అమ్మ పోయిన రోజు, అందరూ ఉండగానే, నువ్వు అటు తిరిగి ఉన్నప్పుడు... అమ్మను చంపింది నువ్వేనని నాన్నను అన్నాను."

అత్త చేయి గడ్డం మీంచి జారింది.

"అన్నావా?"

"అన్నాను."

అత్త లేచి వెళ్లి, మంచినీళ్లు తెచ్చి, తను ఒక గుక్క తాగి, మిగిలినవి మేనకోడలి చేతిలో పెట్టి పక్కనే నేలమీద కూర్చుంది.