ఎద్దు చావుకు తీర్పు

తిబియోస్ గడ్డిలోంచి ముళ్ళు ఏరుతున్నాడు. కోట గోడ నీడలో బార్లీ గడ్డి మోపులు విప్పి, గుప్పెడు గుప్పెడుగా తీసి, వేళ్ళతో దువ్వి, ముల్లు కనబడితే పక్కకు విసిరేస్తున్నాడు. ఒక్క ముల్లు మిగిలినా అది తోలును లోపలినుంచి పొడుచుకుని పైకి తేలుతుంది. అప్పుడు ఎద్దు ఎద్దులా ఉండదు, గజ్జి పట్టిన కుక్కలా ఉంటుంది.

పొట్టి మనిషి. తడి తోళ్ళు మోసి మోసి ఎడమ భుజం కిందికి జారిపోయింది. మోచేతులదాకా చెట్టుబెరడు రంగు. తోళ్ళు పదునుచేసే బెరడు నీళ్ళ తొట్లలో ముంచి ముంచి చర్మానికి పట్టేసిన ఆ రంగు ఏ పండుగ స్నానానికీ వదల్లేదు. వాసన అంతకన్నా వదల్లేదు. సంతలో చేపలమ్మే ఆడవాళ్ళే అతణ్ణి చూసి ముక్కు మూసుకుంటారు.

చిన్నప్పుడు నల్లసముద్రం అవతలి ఒడ్డునుంచి ఓడలో తెచ్చి అమ్మారు. అటునుంచి వచ్చిన ప్రతి బానిసనూ ఏథెన్సులో తిబియోస్ అనే పిలుస్తారు. తల్లి పెట్టిన పేరేమిటో అతనికే గుర్తులేదు. పుట్టిన చోటి భాషలో నాలుగైదు మాటలు మిగిలాయి. అవి కూడా గొడ్లను మందలించే మాటలు. కొనుక్కున్న యజమాని తోళ్ళ కార్ఖానాలో పెట్టాడు, చచ్చేముందు స్వేచ్ఛ ఇచ్చాడు. ఒక్క షరతు పెట్టాడు. ఏటా కోతలైపోయాక వచ్చే ఈ జ్యూస్ దేవుడి పండుగనాడు, బలి ఇచ్చిన ఎద్దు తోలులో గడ్డి కూరి, కుట్టి, బతికున్న ఎద్దులా నిలబెట్టి, దాన్ని నాగలికి కట్టే పని మాత్రం తిబియోసే చేయాలి.

ఆ పనంటే అతనికి ఇష్టం. ఆ మాట ఎవరితోనూ అనలేదు. మర్నాడు జనం వచ్చి చూసి, “అచ్చం బతికున్నట్టే ఉంది” అనుకుంటారు. అతను వాళ్ళ వెనక నిలబడి వింటాడు. ఎవరు చేశారని ఎవరూ అడగరు.

కింద దారిలో డెక్కల చప్పుడు వినబడింది. తిబియోస్ ఒళ్ళో గడ్డి దులుపుకుని కోట వాకిలి దగ్గరికి వెళ్ళాడు. అక్కడి రాయి నున్నగా అరిగిపోయి ఉంటుంది. ఎడ్లు దాన్ని చూస్తే బెదురుతాయి. ఏటా అతనే ఎదురువెళ్ళి, మెడమీద చెయ్యి వేసి, తన నాలుగు మాటలూ చెప్పి ఒక్కొక్కదాన్నే దాటిస్తాడు.

ముందొచ్చిన ఎద్దు ఎర్రది, నుదుట తెల్ల మచ్చ. రాతిమీద కాలు పెట్టి, జారి, వెనక్కి తీసుకుంది. దాని వెనకాల ముల్లుకర్ర పట్టుకుని తెలెసోన్ ఉన్నాడు. తిబియోస్ పాత యజమాని కొడుకు, ఇప్పటి పండుగ పెద్ద ఖైరెదెమోస్‌కు మేనల్లుడు. ఎడ్లను తోలే హక్కు వాళ్ళ వంశానిది. ఈ ఏడే మొదటిసారి కర్ర అతని చేతికొచ్చింది. తలకు నూనె, మెడలో పూలదండ, కింద మెట్లమీద స్నేహితులు.

“పక్కకు జరుగు ముసలాడా. అవతల దేవుడు కాచుకుని ఉన్నాడు.”

“ఒక్క క్షణం ఆగండి బాబూ. దానికి కాలు ఆనట్లేదు.”

“దేవుడు నీకోసం ఆగాలా?” అని మెట్లవైపు తిరిగి నవ్వి, తెలెసోన్ కర్ర పొడిచాడు.

ఎద్దు ముందుకు పోలేదు. పక్కకు విసురుగా తిరిగి, మొత్తం బరువుతో తిబియోస్‌ను వాకిలి రాతికి అదిమేసింది. ఎండు పుల్ల విరిగినట్టు లోపల ఏదో విరిగింది. ఎద్దు తేరుకుని తనంతట తనే వాకిలి దాటింది. తిబియోస్ రాతిని పట్టుకుని నిలబడ్డాడు.

“నేను జరగమన్నాను గదా,” అన్నాడు తెలెసోన్. మిగతా ఎడ్లను తోలుకుంటూ వెళ్ళిపోయాడు.

బలిపీఠం దగ్గర కంచు బల్లమీద గోధుమ రొట్టెలూ బార్లీ గింజలూ పరిచి ఉన్నాయి. ఎడ్లను దానిచుట్టూ తిప్పుతారు. దేవుడి గింజల్ని ఏది ముందు ముట్టుకుంటే దానికి ఆయువు తీరినట్టే. ఎర్ర ఎద్దే మూతి పెట్టింది. గొడ్డలి పడింది. కొట్టినవాడు ఆచారం ప్రకారం గొడ్డలి అక్కడే పారేసి, వెనక్కి చూడకుండా పరుగెత్తాడు. ఇంకొకడు కత్తితో గొంతు కోశాడు.

గోడ నీడలోకి తోలు వచ్చింది. ఇంకా వెచ్చగా ఉంది. తిబియోస్ మోకాళ్ళమీద కూర్చుని లోపలి కొవ్వు గీకడం మొదలుపెట్టాడు. ముందుకు వంగినప్పుడల్లా కుడి డొక్కలో కత్తి తిరిగినట్టుంది. ఊపిరి పైపైనే పీల్చుకుంటూ పనిచేశాడు. ఈగలు ముసిరాయి. ఎప్పుడూ తోలుకునేవాడు, ఈసారి తోలుకోలేదు.

మధ్యాహ్నం అతని భార్య మిక్కా రొట్టె, ఉల్లిపాయ, ఆలివ్‌లు గుడ్డలో కట్టి తెచ్చింది. అప్పటికి అతను తోలును కొయ్య చట్రంమీద ఎక్కించి గడ్డి కూరుతున్నాడు.

“ఏవయ్యా, మొహానికి సున్నం కొట్టినట్టుందేం?”

“ఎండ.”

“ఎండకైతే ఎర్రబడాలి గానీ తెల్లబడుతుందా?” అంటూ దగ్గరికొచ్చి డొక్కమీద చెయ్యి వేసింది. అతను ఒక్కసారి ముడుచుకుపోయాడు. చొక్కా ఎత్తి చూసింది. పక్కంతా నల్లగా కమిలి ఉబ్బింది.

“ఎవరు?”

“ఎద్దు.”

“ఎద్దు దానంతటదే మీదికొచ్చిందా?”

అతను గడ్డి అందుకున్నాడు.

“నిన్నే. ఎవరి చేతిలో ఉంది కర్ర?”

“కుర్రతనం. ఆ బాబుకు గొడ్ల సంగతి తెలీదు.”

“తెలీనివాడి చేతికి కర్ర ఇచ్చి తెలిసినవాణ్ణి నలగ్గొడతారన్నమాట. బావుంది. లే, ఇంటికి పోదాం.”

“ఇది నిలబడాలే మిక్కా. నిలబడితేగానీ ఎద్దును చంపిన పాపం ఊరికి పోదు.”

“ఊరి పాపమంతా నీ పక్కటెముకలమీదే మోస్తావా?”

అతను కొంచెం నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది.  మిక్కా తెచ్చిన మూట నేలమీద పెట్టి, తలమీద గుడ్డ సవరించుకుని బలిపీఠం వైపు నడిచింది.

అక్కడ విచారణ జరుగుతోంది. దేవుడి ఎద్దును ఎవరు చంపారో తేల్చాలి. ఖైరెదెమోస్ మధ్యలో కూర్చున్నాడు. తిబియోస్‌కు గోడ దగ్గరికి ఆ మాటలన్నీ వినబడుతూనే ఉన్నాయి. ఏటా వినే మాటలే. మేం సానకు నీళ్ళే తెచ్చాం, పదును పెట్టింది వాళ్ళు, అన్నారు కన్నెపిల్లలు. మేం పదును పెట్టాం, గొడ్డలీ కత్తీ అందించింది అతను, అన్నారు సానపట్టేవాళ్ళు. అందించినవాడు గొంతు కోసినవాడిమీద పెట్టాడు. గొంతు కోసినవాడు కత్తిమీద పెట్టాడు. కత్తిని అడిగారు. కత్తి ఏం చెబుతుంది? దోషి అదే అని తీర్పు చెప్పి, సముద్రంలో పారేయమన్నారు. జనం ఊపిరి పీల్చుకున్నారు. అందరి చేతులూ శుభ్రమయ్యాయి.

పొట్ట కుట్టు ఒక్కటే మిగిలింది. తిబియోస్ ఎముక సూదిలోకి నరపు దారం ఎక్కించాడు. నిలబడలేక ఎద్దు ముందు కాళ్ళ మధ్య కూర్చుని, తల పైకెత్తి కుట్టసాగాడు. అప్పుడు మిక్కా గొంతు వినబడింది.

“అయ్యా, ఇంకో విచారణ ఉంది.”

“ఎవరమ్మా నువ్వు?” ఖైరెదెమోస్ గొంతు.

“మీ నాన్నగారి తిబియోస్ పెళ్ళాన్ని. పొద్దున వాకిలి దగ్గర మా ఆయన్ని నలగ్గొట్టారు. ముల్లుకర్ర ఎవరి చేతిలో ఉందో అడగండి.”

“నలగ్గొట్టింది ఎద్దే గదా. ఆ ఎద్దు చచ్చింది. చచ్చినదాన్ని ఏం విచారిస్తాం?”

“ముల్లుకర్ర చావలేదు గదయ్యా.”

ఎవరో నవ్వారు. తెలెసోన్ అందుకున్నాడు. “నేను జరగమన్నాను మామయ్యా. వాడే జరగలేదు.”

“విన్నావుగా,” అన్నాడు ఖైరెదెమోస్.

“ఈ బాబు మాట విన్నాను. మా ఆయన మాట మీరు వినలేదు. నోరులేని కత్తిని పిలిచి అడిగారు. నోరున్న మనిషి అదిగో, ఆ గోడ పక్కనే ఉన్నాడు. వచ్చి ఆయన్నీ ఒక మాట అడగండి.”

“పండుగపూట ఈ రచ్చేమిటి? పోయి వాడికి తిండి పెట్టు. మాంసం పంచేటప్పుడు నీకు ఒక ముక్క ఎక్కువ వేయిస్తాలే.”

“మాకొద్దయ్యా. మా మనిషిని తొక్కిన ఎద్దును మేం తినం.”

తిబియోస్ విన్నాడు. ఇన్నేళ్ళలో తన పేరు అంతమంది పెద్దమనుషుల మధ్య ఎవరూ అంత గట్టిగా పలకలేదు. మిక్కాకు భయం లేకపోవడం అతనికి ఎప్పుడూ భయమే. ఇవాళ మాత్రం భయం వేయలేదు. ఇంకో కుట్టు వేశాడు. దారం లాగాడు. ఎద్దు కాలికి వీపు ఆనించాడు. గడ్డిలోంచి కోత కోసిన పొలం వాసన వస్తోంది. పెదవులు కదిపి ఏదో అన్నాడు. ఏథెన్సువాళ్ళకు తెలిసే మాట కాదది. చెయ్యి మెల్లగా ఒళ్ళో పడింది.

నాగలి తెచ్చినవాళ్ళు ముందు చూశారు. ఒకడు పరుగెత్తుకెళ్ళి ఖైరెదెమోస్ చెవిలో చెప్పాడు. పండుగ పెద్ద లేచి నిలబడ్డాడు. “ఎక్కడ? గుడి హద్దు లోపలా?” అని అడిగాడు ముందుగా. “లోపల చావకూడదు. పండుగంతా మైలపడిపోతుంది. తొందరగా బయటికి మోయండి.”

మిక్కా వాళ్ళకన్నా ముందు చేరింది. భర్త చెంపమీద చెయ్యి పెట్టింది, ముక్కు దగ్గర పెట్టింది. ఈగ ఒకటి అతని కనురెప్పమీద నడుస్తోంది. ఆమె దాన్ని తోలింది.

“పోయాడు,” అంది.

“ఇంకా ఊపిరుంది,” అన్నాడు ఖైరెదెమోస్. అతను వంగి కూడా చూడలేదు. “మోయండి.”

మనుషులు పలకమీద వేసుకుని దాదాపు పరుగులాంటి నడకతో వాకిలి దాటించారు. నున్నటి రాతిమీద ఒకడి కాలు జారితే తిబియోస్ తల పలకకు కొట్టుకుంది. మిక్కా రెండు చేతులతో ఆ తల పట్టుకుని పక్కనే పరుగెత్తింది. వాకిలి అవతల నేలమీద దింపారు.

“ఇదిగో, ఇక్కడ పోయాడు,” అన్నాడు వెనకే వచ్చిన ఖైరెదెమోస్. “హద్దు బయట. మీరంతా చూశారు గదా.”

మోసినవాళ్ళు తలలూపారు. తెలెసోన్ పూలదండ సవరించుకుంటూ పక్కకు చూశాడు.

“లోపలే పోయాడు,” అంది మిక్కా.  “మీ దేవుడి కళ్ళముందే, మీ ఎద్దు కాళ్ళ మధ్యే పోయాడు. నేను చూశాను. మీ దేవుడూ చూశాడు. ఎవరు అడిగినా చెబుతాను. అడక్కపోయినా చెబుతాను.”

 వాళ్ళు చేతులమీద నీళ్ళు చల్లుకుని ఒకరి వెనక ఒకరు లోపలికి వెళ్ళిపోయారు. కాసేపటికి కోటలో పిల్లనగ్రోవులు మోగాయి. ఎద్దును నాగలికి కట్టారు, అది నిలబడింది, ఊరి పాపం పోయిందని జనం కేక పెట్టారు. మిక్కా తలమీది గుడ్డ తీసి భర్త మొహాన కప్పి, బండి కోసం ఎండలో కాచుకుని కూర్చుంది.

మర్నాడు పిల్లల్ని భుజాలమీద ఎక్కించుకుని వచ్చినవాళ్ళు, అచ్చం బతికున్నట్టే ఉందన్నారు. దాని పొట్ట కింద మూయని కుట్టులోంచి గడ్డి నాలుగు పోచలు బయటికొచ్చాయి, వాటి పక్కన నరపు దారానికి వేలాడుతూ ఎముక సూది గాలికి మెల్లగా తిరుగుతోంది.