పలుకు

ఆ ఆదివారం పొద్దున రోలుగుంట వైపు ఆకాశం అప్పుడే కాలుతున్న ఇనుములా ఉంది. నడుమ నలుపు, అంచున ఎరుపు. గాలి లేదు.

బస్సు డిపోలో ముప్పై ఏళ్లు చక్రాల మీది స్ప్రింగు బద్దలు, కమాన్ కట్టలు కాల్చి సరిచేసిన వరదానం, కొడుకు కంప్యూటరుకు కాపలా కూర్చున్నాడు. పదకొండు రోజులుగా అది లెక్క కడుతూనే ఉంది. తెర మీద రంగురంగుల పలుకులు. పెద్దవి చిన్నవాటిని మెల్లగా మింగుతున్నాయి.

"కాగిన ఇనుము లోపల ఇలాగవుద్ది నాన్నా," అని బెన్హర్ మొదటిరోజే చూపించాడు.

"ఇనుము ఇరగ్గొడితే లోపలి పలుకు కనబడదేటి? దీనికింత మిషనెందుకు?"

"ఇరగ్గొడితే ఆఖరుదే కనబడుద్ది. మజ్జిలో ఏటైందో తెలీదు కదా."

ఆ సాఫ్ట్‌వేరు ఎవరో ఊరికే ఇచ్చారట. విప్పి మార్చుకోవచ్చట. బెన్హర్ మార్చుకున్నాడు. లెక్క రేపటికి తేలుతుంది. ఎల్లుండి విశాఖలో థీసిస్ ఇవ్వాలి. రెండుసార్లు పెంచిన గడువు ఇక పెంచేది లేదని కాగితం వచ్చింది.

సారా కుక్కర్లో బియ్యం పెట్టి స్విచ్చి వేసింది. "అదే ఆగుద్ది. నువ్వేటీ ముట్టుకోకు," అని మొగుడికి చెప్పి, కొడుకుతో ఆదివారం ఆరాధనకి గుడికి బయల్దేరింది.

వాళ్లు వీధి మలుపు తిరిగారో లేదో ఉరిమింది. రెండో ఉరుముకి గోడ అదిరింది. పోయినేడు ఇలాగే పక్కింటి మన్మథరావు టీవీ మాడిపోయింది. ఉరిమితే కరెంటు తీసెయ్యాలని ఆ వీధిలో పసిపిల్లకీ తెలుసు. వరదానం మెయిను దించాడు. యూపీఎస్ కీచుకీచుమంది. దాన్నీ నొక్కి ఆపేశాడు. ఆపిన బండిని మళ్లీ స్టార్టు చేసినట్టే కదా అనుకున్నాడు.

బెన్హర్ తల్లితో పాటు తడిసి వచ్చి, నల్లటి తెర చూసి నిలబడిపోయాడు.

"పిడుగులు బాబూ. మిషను కాలిపోద్దేమోనని..."

"మిషను బాగానే ఉంది."

"ఆపిన కాడ్నించి నడవదా?"

"మజ్జిమజ్జిలో దాచుకోమని సెప్పుంటే నడిసేది. బేగి అవుద్దని ఆ లైను నేనే తీసేసేను."

"మళ్లీ మొదట్నుంచంటే?"

"పన్నెండ్రోజులు."

వాన తగ్గాక సారా మెయిను ఎత్తి, సగంలో ఆగిన బియ్యాన్ని మళ్లీ ఉడికించింది. ముగ్గురూ కింద కూర్చున్నారు. వరదానం ఒక మెతుకు తీసి వేళ్ల మధ్య నలిపాడు. పైన మెత్తగానే ఉంది. లోపల తెల్లగా, గట్టిగా చిన్న పలుకు మిగిలింది. కొడుకు వంక చూడకుండా తన కంచంలో ముద్ద కలిపాడు. పప్పు గిన్నె చేతులు మారింది. పళ్ల కింద పలుకులు నలుగుతున్న చప్పుడే వినబడుతోంది.